మన చేతిలో ఏమున్నది? — ఎపిక్తేతస్ చేతిపుస్తకముపై ఒక విమర్శ



"మన చేతిలో ఏమున్నదయ్యా?" అను మాట మన పల్లెలలో వినబడని దినము లేదు. వాన ముఖము చాటువేసినప్పుడు అందురు. కంది పూత రాలినప్పుడు అందురు. పట్నము పోయిన కొడుకు నెలల తరబడి ఫోను చేయనప్పుడు తల్లి యనును. ఈ మాట ఒకప్పుడు భక్తినుండి పుట్టును. ఒకప్పుడు అలసటనుండి పుట్టును. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనన్న, ఒక్కొక్కప్పుడు సోమరితనమునుండియు పుట్టును. మూడు వేళ్లనుండి మొలచినను వినుటకు ఒక్కటే మాట గనుక, తన మాట ఏ వేరుదో అన్నవానికే తెలియక పోవచ్చును.

ఈ ప్రశ్నను దాదాపు 1,900 ఏండ్ల క్రిందట ఒక గ్రీకు బోధకుడు తీసికొని, దానిమీదనే తన బోధ అంతయు కట్టెను. అతని పేరు ఎపిక్తేతస్. అతడు స్తోయికుల మతమువాడు. ఈ దినములలో ఆ బోధకు మరల గిరాకి వచ్చినది. హైదరాబాదులో చదువుకొనుచున్న మన సంఘముల యౌవనస్థులు దానిని ఇంగ్లీషు పుస్తకములలో చదువుచున్నారు, సెల్‌ఫోనులో చిన్న చిన్న ఉపన్యాసములుగా వినుచున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, "అయ్యగారూ, ఇది మన బైబిలు చెప్పినట్టే ఉన్నది గదా?" అని అడుగుచున్నారు. ఇది మంచి ప్రశ్న. దానిని కసరి పంపుట తగదు. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనవలెనని అపొస్తలుడు థెస్సలొనీకయులకు వ్రాసెను (1 థెస్స 5:21). ఆ పరీక్ష ఇప్పుడు చేయుదము.

ఎవరీ ఎపిక్తేతస్?

ఇతడు క్రీస్తుశకము 50వ సంవత్సర ప్రాంతమున హియెరాపొలి పట్టణమున పుట్టెను. బైబిలు చదువువారికి ఆ పేరు క్రొత్తది కాదు. ఎపఫ్రా కొలొస్సయి వారికొరకును, లవొదికయ వారికొరకును, హియెరాపొలి వారికొరకును ఎంతో ప్రయాసపడుచున్నాడని పౌలు సాక్ష్యమిచ్చెను (కొలొస్స 4:13). ఎపఫ్రా ఏ ఊరి విశ్వాసులకొరకు మోకాళ్లూనెనో, ఇంచుమించు ఆ కాలముననే ఆ ఊరిలో ఈ బాలుడు పెరుగుచుండెను.

అతడు దాసుడు. నీరో చక్రవర్తి కొలువులోనున్న ఎపఫ్రొదితు అనువాని సొత్తు. ఫిలిప్పీ పత్రికలో మనము చదువు ఎపఫ్రొదితు వేరు, ఇతడు వేరు. ఎపిక్తేతస్ కాలు కుంటిది. దాసుడై యుండగానే రోములో మూసోనియస్ రూఫస్ అను స్తోయిక గురువునొద్ద చదువుకొనెను. తరువాత విడుదల పొందెను. దొమితియను చక్రవర్తి తత్త్వజ్ఞానులను వెళ్లగొట్టినప్పుడు రోము విడిచి, గ్రీకు దేశపు పడమటి తీరముననున్న నీకొపొలి చేరి, అక్కడ పాఠశాల పెట్టెను. నీకొపొలియు మనకు తెలిసిన పేరే. పౌలు శీతకాలము గడపవలెనని నిర్ణయించుకొని తీతును రమ్మన్న నీకొపొలి (తీతు 3:12) ఇదేయని పండితులలో అనేకుల అభిప్రాయము.

ఎపిక్తేతస్ తన చేతితో ఏ గ్రంథమును వ్రాయలేదు. శిష్యుడైన అర్రియన్ గురువు మాటలను వ్రాసికొని గ్రంథముగా కూర్చెను; ఆ సారమునుండి ఒక చిన్న పుస్తకమును కూడ తీసెను. నేడు దానిని 53 చిన్న అధ్యాయములుగా అచ్చువేయుచున్నారు. దాని గ్రీకు పేరునకు చేతిలో పట్టునది అని అర్థము. చేతిపుస్తకమునకును ఆ పేరే, చేతికత్తికిని ఆ పేరే. కష్టము మీదికి వచ్చినప్పుడు వెదకులాడ నక్కరలేకుండ చేతికి అందవలెనని శిష్యుని తలంపు కావచ్చును.

పుస్తకము చెప్పునదేమి?

మొదటి అధ్యాయములోనే అతడు ఒక గీత గీయుచున్నాడు. గీతకు ఇవతల మన వశములో ఉన్నవి: మన అభిప్రాయము, మన కోరిక, మన అయిష్టము, ఒక పనికి పూనుకొనుట, మానుకొనుట. గీతకు అవతల మన వశములో లేనివి: శరీరము, ఆస్తి, పేరు, పదవి. ఇవతలి వాటిని పట్టుకొన్నవానిని ఎవడును బాధింపలేడు. అవతలి వాటిని తనవనుకొన్నవాడు ఏడ్చును, తిట్టును, దేవుని మీదను మనుష్యుల మీదను నింద మోపును. ఇదియే అతని బోధ. మిగిలిన పుస్తకమంతయు ఈ గీతకు వ్యాఖ్యానము.

మన నేలమీద దీనిని పెట్టి చూతము. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కంది పండించు రైతును తలంచుడి. మృగశిర వానలకు విత్తనము వేయును. పూత సమయమున ముసురు పట్టవచ్చును, మంచు కురియవచ్చును. కాయతొలుచు పురుగు రావచ్చును, ఎండు తెగులు రావచ్చును. అన్నిటిని దాటి గింజ ఇంటికి చేరినను, మార్కెట్టులో ధర అతడు పెట్టునది కాదు. ఎపిక్తేతస్ ఆ రైతుతో ఏమనును? "నాయనా, ముసురు నీది కాదు, పురుగు నీది కాదు, ధర నీది కాదు. నమ్మకముగా పని చేయవలెనను నీ మనస్సు మాత్రము నీది. దానిని కాపాడుకొనుము" అని చెప్పును. అతనికంటె ముందటి స్తోయికులు విలుకాని ఉపమానము చెప్పిరి. రోమీయుడైన సిసెరో దానిని తన గ్రంథములో ఎక్కించెను. గురి చూచి బాణము విడుచుటవరకే విలుకానిది. విడిచిన తరువాత గాలి వీచినను, గురి కదలినను, అది వానిది కాదు.

ఇందులో మెచ్చదగినది

విమర్శ యనగా తప్పులు వెదకుట మాత్రమే కాదు. న్యాయమైన తూనిక గలవాడు రెండు పళ్లెములను చూడవలెను. కనుక మేలైనదానిని మొదట చెప్పెదను.

ఇది తలరాత బోధ కాదు. "నొసట వ్రాసినది తప్పునా" యనువాడు రెండు చేతులును విడిచి కూర్చుండును. ఎపిక్తేతస్ ఒక చేతిలోనిదానిని విడిచిపెట్టుమని చెప్పునది, రెండవ చేతిలోనిదానిని గట్టిగా పట్టుకొనుటకే. గొలుసులలో నున్న దాసునికి సహితము నీ చేత ఒకటి యున్నదని చెప్పగలిగిన బోధను తేలికగా తీసివేయరాదు.

పేరుప్రతిష్ఠలు మన వశములో లేవను మాటను మన సంఘములు తప్పక వినవలెను. "నలుగురు ఏమనుకొందురో" అను భయముతో మనవారు ఎంత అప్పు చేయుచున్నారు! ఒక్క పెండ్లికి ఎకరము అమ్మి, రెండు దినములు డప్పు మ్రోగించి, ఇరువది ఏండ్లు వడ్డీ కట్టుచున్నారు. నలుగురి నోరు మన వశములో లేదని ఒక్కమారు గ్రహించిన ఇంటిలో ఎంత నెమ్మది!

పోయినదానిని పోగొట్టుకొంటిననక, తిరిగి ఇచ్చివేసితినని చెప్పుకొనుమని ఆ పుస్తకము నేర్పుచున్నది. ఇది యోబు నోటి మాటకు ఎంతో దగ్గర (యోబు 1:21). ఇట్టి పోలికలను చూచియే పూర్వపు క్రైస్తవ సన్యాసులు ఈ పుస్తకమును కొద్దిగా మార్చి, సోక్రటీసు పేరున్న చోట పౌలు పేరు పెట్టి, తమ మఠములలో చదువుకొనిరి. పౌలు కూడ తృప్తిని గూర్చి ఫిలిప్పీయులకు వ్రాయునప్పుడు, స్తోయికులు మిక్కిలి ఇష్టముగా వాడు గ్రీకు మాటనే తీసికొనెను (ఫిలిప్పీ 4:11). అయితే రెండు వచనములు దాటగానే, తన బలము తనది కాదనియు, తన్ను బలపరచువాడు వేరొకడున్నాడనియు చెప్పెను. మాట స్తోయికులది, ఊట వేరు.

కన్నీటి సంగతి

ఇక రెండవ పళ్లెము. ఎపిక్తేతస్ ఒక తండ్రికి ఇట్లు నేర్పుచున్నాడు: నీ బిడ్డను ముద్దుపెట్టుకొనునప్పుడు, మరణించునట్టి ఒక మనిషిని ముద్దుపెట్టుకొనుచున్నానని నీకు నీవు చెప్పుకొనుము, అప్పుడు బిడ్డ చనిపోయినను కలత చెందవు. దానికి ముందు కుండను గూర్చి అట్టి మాటయే చెప్పెను. కుండను కుండయని ఎరిగినవాడు, అది పగిలినప్పుడు ఏడువడు. వేరొక అధ్యాయములో, ఏడ్చువాడు ఎదురైనప్పుడు మాటవరకు సానుభూతి చూపుము, కావలసినయెడల వానితో కూడ మూలుగుము, లోపల మాత్రము మూలుగకుము అని హెచ్చరించుచున్నాడు.

సహోదరులారా, ఈ మాటలను పట్టుకొని బేతనియ గ్రామమునకు వెళ్లుదము. లాజరు సమాధియొద్ద నిలిచినవాడు, కొంతసేపటిలో అతనిని లేపబోవుచున్నానని యెరిగినవాడే. ఫలితము ఆయన చేతిలో ఉన్నది. ఈ లోకమున ఎవనికైన నిబ్బరముగా నుండుటకు హక్కున్నదంటే, ఆ గడియలో ఆయనకే ఉన్నది. అయినను ఆయన ఆత్మలో మూలిగెను, కన్నీరు విడిచెను (యోహాను 11:33–35). స్తోయికుడు లోపల వద్దన్న మూలుగునే సువార్తికుడు మన ప్రభువు లోపల చూపించుచున్నాడు. ఏడ్చువారితో ఏడువుమని పౌలు రోమీయులకు చెప్పినప్పుడు (రోమా 12:15), పైపైన అని చెప్పలేదు.

కుండ పగిలినప్పుడు ఏడువని వానిని జ్ఞాని యనవచ్చును. బిడ్డ చనిపోయినప్పుడు ఏడువకుండుటకు ముందునుండియే సిద్ధపడిన తండ్రి, ఆ బిడ్డ బ్రతికియున్న దినములలో కూడ పూర్తిగా ముద్దుపెట్టుకొనలేదు. నెమ్మది దొరికెను, దానికి కట్టిన వెల ప్రేమలో కొంత భాగము. అంత వెలకు మన ప్రభువు నెమ్మదిని కొనలేదు. గెత్సేమనేలో ఆయన చెమట కార్చెను, గిన్నె తొలగింపుమని వేడుకొనెను. తరువాతనే తండ్రి చిత్తమునకు లోబడెను (లూకా 22:42–44). మన సంఘములలో దుఃఖపడు తల్లితో "ఏడువకమ్మా, విశ్వాసులు ఏడువరాదు" అని చెప్పువారున్నారు. వారు అనుకొనకయే మాటలాడుచున్నది ఎపిక్తేతస్ భాష. సువార్త భాష కాదు.

గీత ఎక్కడ గీయవలెను?

నాకు తోచిన ముఖ్యమైన లోపము ఇంకొకటి యున్నది. దానిని చూపుటకు గ్రీకు దేశము పోనక్కరలేదు; మన అనంతగిరి గుట్ట చాలును.

నిజాము కాలములో ఆ గుట్టమీద క్షయరోగులకు శానిటోరియము కట్టిరి. అడవి గాలి మంచిదని అక్కడ కట్టిరి. ఆ కాలమున లోకములో ఎక్కడను క్షయకు నమ్మదగిన మందు లేదు. వైద్యులు ఇయ్యగలిగినవి మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము. కొందరికి ఊపిరితిత్తిని ముడిచి విశ్రమింపజేయు శస్త్రచికిత్స. ఆ మంచముమీద పండుకొన్న రోగి చేతిలో ఎపిక్తేతస్ పుస్తకము పెట్టియుంటే, ప్రతి మాటయు సరిపోయియుండును. శరీరము నీ వశములో లేదు, ఊపిరి నీ వశములో లేదు, ధైర్యము మాత్రము నీది!

అయితే 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అను మందు కనుగొనబడెను. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చెను. 1956లో మద్రాసులో క్షయ చికిత్సపై పరిశోధనకు ఒక కేంద్రము ప్రారంభమాయెను. అక్కడి వైద్యులు పేద రోగులను రెండు భాగములు చేసి, కొందరిని శానిటోరియములో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇరువురికిని అవే మందులు ఒక సంవత్సరము ఇచ్చిరి. 1959లో ఫలితములు ప్రచురించిరి. మంచి తిండియు విశ్రాంతియు తక్కువైనను, ఇంటిలో మందు తినినవారు శానిటోరియములోని వారికి ఇంచుమించు సమానముగా బాగుపడిరి. వారి ఇంటివారికి అపాయము ఎక్కువ కాలేదు. మన తెలుగువారికి పొరుగున జరిగిన ఈ పని లోకమంతట క్షయ చికిత్సను మార్చివేసెను. నేడు సాధారణమైన క్షయకు ఆరు నెలల మాత్రలు చాలును.

ఇప్పుడు గమనింపుడి. ఎపిక్తేతస్ గీచిన గీత ఎక్కడికి పోయెను? నిన్న అవతల ఉన్నది నేడు ఇవతలికి వచ్చెను. దానిని ఇవతలికి తెచ్చినది ఆ రోగి మనోధైర్యము కాదు. అతడు ఎన్నడును చూడని మనుష్యులు, దూరదేశములలో, సంవత్సరముల తరబడి అతనికొరకు పాటుపడిరి. అతని చేతిలో లేనిది వారి చేతిలో ఉండెను.

అదే గుట్టలనుండి రెండవ సాక్షిని పిలిచెదను. మూసీ పుట్టునది అనంతగిరి గుట్టలలోనే. 1908 సెప్టెంబరు 28న ఆ నది హైదరాబాదు మీదికి పొంగి, వేలకొలది ప్రజలను కొట్టుకొనిపోయెను. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని చెప్పుదురు. తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో చేరిన ఆ చెట్టును నేటికిని చూపుదురు. వాన ఎవరి వశము? ఎవరి వశమును కాదు. అయినను 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. నగరమునకు ఎగువ నీటిని ఆపవలెనని ఆయన యోచన చెప్పెను. 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీమీద హిమాయత్‌సాగరు పూర్తియాయెను. వాన మన చేతిలోనికి రాలేదు. వరద కొంతవరకు వచ్చెను. కొంతవరకే యనుచున్నాను; 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగిన సంగతి మరువలేదు. చింతచెట్టు నెక్కినవారు మాత్రము ఎవరి చేతి పనివలన బ్రతికిరి? ఎన్నడో ఆ విత్తనము నాటినవాడో, నరుకక విడిచినవాడో, వాని పేరు ఎవరికిని తెలియదు.

ఇక్కడ చదువుకొన్న స్తోయికుడొకడు నాకు అడ్డుచెప్పును. "అయ్యగారూ, మీరు అన్యాయముగా మాటలాడుచున్నారు. మా గురువు కొడుకుగా, సహోదరుడుగా, పొరుగువాడుగా చేయవలసిన ధర్మమును చేయుమనియే చెప్పెను. వైద్యుని వైద్యము మానుమనలేదు" అనును. నిజమే. ఆ మాట అతని పుస్తకములో ఉన్నది, దాచను. అయితే ఆ పుస్తకము ప్రకారము రోగి బ్రతుకుట కోరదగినదే గాని, మేలు అనదగినది కాదు. వైద్యుని మంచి మనస్సు మాత్రమే మేలు. రోగి చచ్చినను బ్రతికినను వైద్యుని మేలునకు కొదువ లేదు. మన సువార్త ఇట్లు లెక్కవేయదు. రక్తస్రావము గల స్త్రీ బాగుపడుట మేలు. పుట్టు గ్రుడ్డివాడు చూచుట మేలు. బాగుపడినవానికి అది మేలు, బాగుచేసినవానికి అది సంతోషము, దేవునికి మహిమ.

ఆ పుస్తకమును మరియొక్కమారు తెరచి చూడుడి. గ్రీకులో అతడు వాడిన మాట "మన వశములో ఉన్నవి" అనియే; బహువచనమే. అయినను ఆ పేరు క్రింద అతడు వ్రాసిన పట్టికలో ప్రతియొకడు ఒంటరిగా తన లోపల చేసికొను పనులు తప్ప, ఇద్దరు కలిసి చేయునది ఒక్కటియు లేదు. పేరుకు "మన", లెక్కకు "నా". మన పల్లె తల్లి "మన చేతిలో ఏమున్నదయ్యా" అన్నప్పుడు ఆమె నోట వచ్చినదియు "మన" యను మాటయే. ఆమెకు మనము చెప్పవలసిన జవాబు ఆ మాటలోనే యున్నది: అమ్మా, నీ చేతిలో లేదు, నిజమే, "మన" చేతిలో ఏమున్నదో కూడి చూతము రమ్ము.

తీర్పు చేతిలో ఉన్నవాడు

ఈ బోధ దాసునికి ఎంత సరిపోయెనో, చక్రవర్తికిని అంత సరిపోయెను. మార్కస్ అరీలియస్ చక్రవర్తి తన స్వంత వ్రాతలలో, ఎపిక్తేతస్ మాటల గ్రంథమును తనకు ఇచ్చిన రుస్తికస్ అను మిత్రునికి కృతజ్ఞత తెలుపుకొనెను. ఆ రుస్తికస్ రోము నగరమునకు అధిపతి యాయెను. క్రీస్తుశకము 165 ప్రాంతమున అతని న్యాయపీఠము ఎదుట ఒక క్రైస్తవుడు తన స్నేహితులతో కూడ నిలువబడెను. అతడే హతసాక్షియైన జస్టిన్. అతడును యౌవనమున సత్యమును వెదకుచు మొట్టమొదట ఒక స్తోయిక గురువునొద్దకు పోయినవాడే. దేవుని గూర్చి అక్కడ ఏమియు దొరకక విడిచి వచ్చినవాడు. విగ్రహములకు బలి అర్పింపనన్నందుకు రుస్తికస్ వారికి శిరచ్ఛేదము విధించెను.

శరీరము జస్టిన్ వశములో లేదు; అతడు దానిని ఎరిగి నిర్భయముగా నిలిచెను. తీర్పు మాత్రము రుస్తికస్ వశములో ఉండెను. ఏది నా వశములో లేదో ఓర్చుకొనుట నేర్పిన పుస్తకము, నా వశములో పడిన మనుష్యుని గూర్చి నేను లెక్క ఒప్పజెప్పవలెనని రుస్తికస్‌కు తగినంతగా నేర్పలేదు. దాసుడు చదివినప్పుడు ఔషధమైనది, అధిపతి చదివినప్పుడు నిద్రమందు కాగలదు. మన తెలంగాణలో వెట్టి చేసిన తాతలతో "మనస్సు స్వతంత్రమైతే చాలును" అని దొర చెప్పియుంటే ఎట్లుండును? వికారాబాదులో మిషను వారు బాలికలకు బడి పెట్టినప్పుడు, చదువు మన చేతిలో లేదని మన అవ్వలు తమ కూతుండ్రను ఇంట దాచియుంటే, ఈ పత్రికను నేడు చదువువారు ఎందరు ఉందురు?

పుస్తకముకంటె గొప్పదైన పని

ఎపిక్తేతస్‌ను తక్కువచేసి ముగించుటకు నాకు మనస్సు రాదు. అతని పుస్తకమునకు ఆరవ శతాబ్దములో వ్యాఖ్యానము వ్రాసిన సింప్లికియస్ ఒక సంగతి తెలిపెను. ఎపిక్తేతస్ బహుకాలము ఒంటరిగా బ్రతికెను. ముసలితనమున, స్నేహితుడొకడు పేదరికముచేత తన శిశువును బయట పారవేయబోగా, ఇతడు ఆ బిడ్డను తీసికొని, పెంచుటకు ఒక స్త్రీని ఇంట చేర్చుకొనెను. ఆ కాలపు రోమా రాజ్యములో వద్దనుకొన్న శిశువును బయట పెట్టివేయుట వాడుక.

అతని గీత ప్రకారము ఆ బిడ్డ ప్రాణము ఎవనిది? అతనిది కాదు, గీతకు అవతలిదే. అయినను అతడు చేయి చాపెను. బిడ్డ మరణించునదేయని చెప్పుకొని తన దారిని పోలేదు. కుంటికాలి ముసలివాడు గీత దాటి వెళ్లి దానిని ఎత్తుకొనెను. నా మట్టుకు, 53 అధ్యాయములకంటె ఆ ఒక్క పని గొప్పదని తోచుచున్నది. అతని చేయి అతని పుస్తకముకంటె సువార్తకు దగ్గరగా వచ్చెను.

గలిలయులని అతడు ఒక చోట మనవారిని పేర్కొనెను. వారు నిరంకుశుని ఎదుట భయపడకుండుట అలవాటుచేత కలిగినదని అతడనుకొనెను. వెలుపలినుండి చూచినవానికి అట్లే కనబడును. చేతిలో లేనిదంతయు ఎవరి చేతిలో ఉన్నదో ఎరిగినందున వారు భయపడలేదు. దైవము తండ్రియని ఎపిక్తేతస్ కూడ పలికెను. అయితే అతడెరిగిన దైవము సమాధియొద్ద ఏడువలేదు, మేకుల గాయములు గల చేతులు చాపలేదు. మన ప్రభువు సిలువమీద తన ఆత్మను అప్పగించినది తండ్రి చేతికే (లూకా 23:46).

మనకు చెప్పునదేమి?

కనుక ఈ పుస్తకమును చదువు యౌవనస్థులకు నా మాట ఇది. చదువుడి. దాని మొదటి ప్రశ్నను ఉంచుకొనుడి: ఇది నా చేతిలో ఉన్నదా? అక్కడ ఆగక ఇంకను రెండు ప్రశ్నలు వేయుడి. ఇది మన చేతిలో ఉన్నదా? చివరకు ఇది ఎవరి చేతిలో ఉన్నది?

సంఘములకును ఒక మాట. క్షయ ఇంకను మన ఊళ్లను విడువలేదు. లోకములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశమువారే. రెండు వారములు దాటిన దగ్గు ఉన్నవానిని ప్రభుత్వ ఆసుపత్రికి పంపుట మన చేతిలో ఉన్నది. పరీక్షయు మందులును ఉచితము. ఒంటికి బలము రాగానే మాత్రలు మధ్యలో మానివేసినవానికి, ఆ మందులకు లొంగని క్షయ రావచ్చును. ప్రార్థన చేసితిమి గనుక మాత్రలెందుకని చెప్పువాడు, దేవుడు ఇచ్చిన మేలును దేవుని పేరట పారవేయుచున్నాడు. రోగికి పోషణకొరకు ప్రభుత్వము 2018లో నెలకు 500 రూపాయలు ఇయ్య నారంభించి, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలు చేసెను. 2022లో నిక్షయ్ మిత్ర అను ఏర్పాటు చేసి, రోగులకు ఆహారము సమకూర్చువారు ముందుకు రావలెనని పిలిచెను. ప్రతి నవంబరులో ధారూరు జాతరకు బండ్లు కట్టుకొని, బస్సులెక్కి వచ్చు మన సంఘములకు, ఒక్కొక్క సంఘము ఒక్కొక్క రోగిని ఆరు నెలలు పోషించుట మించిన పనియా? క్షయ వచ్చినదని కోడలిని పుట్టింటికి పంపివేసి, అది దేవుని చిత్తమని చెప్పు ఇల్లు ఇంకను మనలో ఉన్నయెడల, అది దేవుని చిత్తము కాదు. మన చేతిలో ఉన్నదానిని మనము చేయకపోవుట.

ఇదంతయు చేసిన తరువాత కూడ కొందరు బ్రతుకరు. మందు ఆలస్యమగును, లేదా లొంగదు. అప్పుడు ఆ ఇంటికి వెళ్లి, లోపలను వెలుపలను ఏడువుడి. చేయగలిగినదంతయు చేసిన చేతులతో, ఆ ప్రియుని తండ్రి చేతికి అప్పగింపుడి. అప్పుడు "మన చేతిలో ఏమున్నదయ్యా" అన్నను ఆ మాట అబద్ధము కాదు. అది ప్రార్థన యగును.